రెండు గీతలు, ఒక ఖాళీ

ఈమెయిలు చర్చా బృందాల్లో ఎక్కువకాలం తిరిగినవాళ్లకు ఒక గుర్తు బాగా పరిచయం. చెప్పాల్సిన మాట అయిపోయాక, రాసినవాళ్ల పేరు మొదలయ్యేలోగా, విడిగా ఒక వరుసలో రెండు అడ్డగీతలు ఉంటాయి.

-- 

కంటికి కనిపించేది ఇంతే. కనిపించనిది ఇంకొకటుంది: రెండో గీత పక్కన ఒక ఖాళీ. మనకది ఖాళీయే గానీ కంప్యూటరుకు అదీ ఒక అక్షరమే. ఆస్కీ పట్టికలో అడ్డగీత సంఖ్య 45, ఖాళీ సంఖ్య 32. 45, 45, 32, ఆ వెంటనే వరుస ముగింపు. ఒక వరుసలో ఇవి తప్ప మరేమీ లేకపోతే మెయిలు చూపించే ప్రోగ్రాముకు సంగతి తెలిసిపోతుంది: విషయం ఇక్కడితో సరి, ఇక్కణ్నుంచి కిందికి ఉన్నది సంతకం.

తెలుసుకుని ఊరుకోదు. కింది భాగాన్ని లేత బూడిద రంగులో చూపిస్తుంది, కావాలంటే పూర్తిగా దాచేస్తుంది. అసలు పని జవాబు రాసేటప్పుడు జరుగుతుంది. అవతలివాళ్ల మాటల్ని మన జవాబులోకి తెచ్చేటప్పుడు ఈ గుర్తు దాకా తెచ్చి, కిందిదాన్ని వదిలేస్తుంది. పదిమంది వాదించుకున్న చర్చ అడుగున పది సంతకాలు పేరుకుపోకుండా కాపాడేవి ఈ మూడు అక్షరాలే. పేరూ ఊరూ చెప్పుకోవాలని రాసేవాళ్లకు ఉంటుంది. ప్రతిసారీ అవే చదవాలని చదివేవాళ్లకు ఉండదు. ఈ రెండు కోరికలకూ ఒకే వరుసలో చోటు చూపించడం ఎంత నేర్పో కొంచెం లోపలికి దిగితే గానీ తెలియదు. చర్చా బృందాల మర్యాదల్లో చాలావాటిని ఎవరో ఒక పెద్దమనిషి పదేపదే గుర్తుచేస్తూ ఉండాలి. దీన్ని మాత్రం యంత్రం చేతే పాటించేలా చేశారు.

ఈ ఏర్పాటు పుట్టింది యూజ్‌నెట్‌లో. 1979లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ యూజ్‌నెట్ ఆలోచన చేశారు. దగ్గర్లోనే ఉన్న చాపెల్ హిల్‌లో స్టీవ్ బెలోవిన్ దానికి మొదటి ప్రోగ్రాము రాశారు. విశ్వవిద్యాలయాల్లో, పరిశోధనశాలల్లో ఉన్న యూనిక్స్ యంత్రాలు ఫోన్ లైన్ల మీద ఒకదాన్నొకటి పిలుచుకుని, పోగుపడ్డ సందేశాల్ని ఇచ్చిపుచ్చుకునేవి. ఒకచోట రాసిన మాట చేతులు మారుతూ మారుతూ గంటల్లోనో రోజుల్లోనో మిగతా యంత్రాలకు చేరేది.

ఆ రోజుల్లో సంతకం లేకపోతే పని జరిగేది కాదు. ఎక్కణ్నుంచి పంపినా చేరే చిరునామా అప్పటికి ఇంకా రాలేదు. ఉత్తరం ఏయే యంత్రాల మీదుగా పోవాలో ఆ దారంతా, మధ్యలో ఆశ్చర్యార్థకాలు పెట్టుకుంటూ, పంపేవాళ్లే రాయాలి. పంపేవాళ్లున్న చోటును బట్టి దారి మారిపోతుంది. అందుకని సంతకంలో అందరికీ తెలిసిన ఒక కూడలి పేరు చెప్పి, అక్కణ్నుంచి తమ యంత్రం దాకా దారి రాసేవారు. పల్లెలో చుట్టాల ఇంటికి దారి చెప్పేటప్పుడు మనం బస్టాండు నుంచి మొదలుపెడతాం కదా, అలాగే. ఇల్లినాయ్ రాష్ట్రంలోని నేపర్‌విల్‌లో బెల్ ల్యాబ్స్ వారి యంత్రం ఒకటుండేది, పేరు ఐహెచ్ఎన్‌పీ4. ఎన్నో సంతకాల్లో దారి దాని దగ్గరే మొదలయ్యేది. సందేశం పైభాగంలో ఉండే చిరునామా మధ్యలో చెడిపోయినా, చివర మనిషి స్వయంగా రాసిన దారి మిగిలి ఉండేది.

ప్రతిసారీ ఇదంతా చేత్తో టైపు చేయడం విసుగు. దానికి యూనిక్స్ వాళ్లు చేసిన ఏర్పాటు చాలా పొదుపైనది. యూనిక్స్‌లో ప్రతి మనిషికీ సొంత డైరెక్టరీ ఉంటుంది. అందులో 'సిగ్నేచర్' అని, పేరు ముందు ఒక చుక్క చేర్చి, ఒక ఫైలు రాసిపెట్టుకుంటే చాలు. చుక్కతో మొదలయ్యే ఫైళ్లు మామూలు జాబితాలో కనబడవు కాబట్టి రోజువారీ పనికి అడ్డు రాదు. సందేశం పంపే ప్రోగ్రాము ఆ పేరుతో ఫైలు ఉందేమో చూస్తుంది, ఉంటే తెచ్చి చివర అతికిస్తుంది. అంతకుమించి దానికి ఏమీ తెలియాల్సిన పనిలేదు.

ఈ నిరాడంబరత వల్లే ఒక చమత్కారం సాధ్యమైంది. ప్రోగ్రాము అడిగేది ఆ పేరుతో చదవడానికి ఏదైనా ఉందా అని మాత్రమే. నిజంగా ఫైలేనా, మరొకటా అని ఆరా తీయదు. యూనిక్స్‌లో ఫైలు స్థానంలో పేరున్న గొట్టం ఒకటి పెట్టవచ్చు. ఇటు కొసన ఎవరైనా చదవబోతే అటు కొసన ఉన్న ప్రోగ్రాము అప్పటికప్పుడు రాసి పంపుతుంది. కొందరు తమ సంతకం ఫైలును తీసేసి ఈ గొట్టం పెట్టి, అటువైపు సూక్తుల సంచీ లాంటి 'ఫార్చూన్' ప్రోగ్రామును కూర్చోబెట్టారు. మెయిలు మెయిలుకీ పేరు కింద కొత్త సూక్తి వచ్చేది. పంపే ప్రోగ్రాములో ఒక్క అక్షరం మార్చకుండానే.

అసలు చిక్కు పొడవు దగ్గర వచ్చింది. పోస్టుకార్డు మీద రాసేవాళ్లకు హద్దు కార్డే చెబుతుంది. చోటు అయిపోతుంటే అక్షరాలు చిన్నవవుతాయి, చివరికి అంచుల వెంట నిలువుగా కూడా రాస్తాం, ఆపైన ఆగక తప్పదు. తెరకు అడుగు లేదు. ఎంత రాసినా పడుతుంది. అందుకే హద్దును మనుషులే పెట్టుకోవాల్సి వచ్చింది: నాలుగు వరుసలు, వరుసకు 80 అక్షరాలు. యూజ్‌నెట్‌లో దీన్ని మెక్వారీ హద్దు అనేవారు.

ఈ అంకెలు ఊరికే ఊడిపడలేదు. 80 అనేది 1928లో ఐబీఎం తెచ్చిన చిల్లుల కార్డు వెడల్పు. అక్కణ్నుంచి అది తెరల మీదకి వచ్చింది. 1978లో వచ్చిన వీటీ100 తెర మీద 80 అక్షరాల వరుసలు 24 పట్టేవి. అందులో నాలుగు వరుసలంటే తెరలో ఆరో వంతు. ఒక మనిషి ఉనికికి ఆరో వంతు తెర ఇవ్వడం ధారాళమేనని నా ఉద్దేశం.

ఇక కాలం సంగతి. సెకనుకు 300 బిట్లు పంపే మోడెమ్ మీద, మొదలూ చివరా గుర్తు బిట్లతో కలిపి ఒక్కో అక్షరానికి పది బిట్లు పోతాయి. అంటే సెకనుకు 30 అక్షరాలు. నిండు వరుసలతో మెక్వారీ హద్దు దాకా పెట్టిన సంతకం 320 అక్షరాలు. అది దిగడానికి దాదాపు 11 సెకన్లు. ఇరవై వరుసల సంతకమైతే 53 సెకన్లు. రోజుకు వంద సందేశాలు వచ్చే గుంపులో అందరూ ఇరవై వరుసలు పెడితే, సంతకాల కోసమే దాదాపు గంటన్నర ఫోన్ లైను నడవాలి. మనదేశంలో 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ ఇంటర్నెట్‌ను సామాన్యులకు తెరిచినప్పుడు మోడెములు ఇంతకంటే చాలా వేగంగానే ఉన్నాయి గానీ, గంటల లెక్కన డబ్బు కట్టి వాడుకున్నవాళ్లకు ఈ లెక్క ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది.

ఆ ఏడాది అక్టోబరులోనే ఈ మర్యాదలన్నిటినీ ఒకచోట చేర్చి ఆర్‌ఎఫ్‌సీ 1855 వెలువడింది. ఇంటర్నెట్ పద్ధతుల్ని నమోదు చేసే పత్రాల వరుసలో అదొకటి. కూర్చింది ఇంటెల్‌లో పనిచేసే శాలీ హాంబ్రిడ్జ్. సంతకం నాలుగు వరుసలు మించకపోతే మంచిదని, చాలామంది నిమిషాల లెక్కన డబ్బు కట్టి చదువుతున్నారని అందులో ఉంది. సంతకం మన విజిటింగ్ కార్డు లాంటిదని, సందర్భాన్ని బట్టి ఒకటి కంటే ఎక్కువ పెట్టుకోవచ్చని కూడా ఉంది. ఈ చివరి మాటను ఇప్పుడు దాదాపు అందరూ మరిచిపోయారు. అదే పత్రం వరుసను 65 అక్షరాల లోపు ఉంచమంటుంది. 80 పట్టే తెర మీద 65 ఎందుకంటే, ఉటంకించిన ప్రతిసారీ వరుస ముందు > గుర్తూ ఒక ఖాళీ చేరతాయి. జవాబుకు జవాబు, దానికి మళ్లీ జవాబు వచ్చేసరికి వరుస కుడివైపుకు జరుగుతూ పోతుంది. ఆ జరుగుడుకి ముందే చోటు వదిలారన్నమాట. అచ్చు పని తెలిసినవాళ్లు మార్జిను విలువ ఎరిగినట్టే వీళ్లూ ఎరుగుదురు.

ఇప్పుడు మళ్లీ ఆ మూడు అక్షరాల దగ్గరకు వద్దాం. రెండు గీతలు చాలవా, ఖాళీ ఎందుకు? రెండు గీతలు మాత్రమే ఉన్న వరుసను ఎవరైనా మామూలుగా రాసేయగలరు. ఒక విషయం అయిపోయి మరోటి మొదలయ్యే చోట విభజన గీతలా పెట్టవచ్చు, ప్రోగ్రాము ముక్కలు పంచుకునే గుంపుల్లో కోడులో రావచ్చు. అలాంటి చోటల్లా యంత్రం సంతకం వచ్చిందనుకుని మిగతా ఉత్తరాన్ని కోసేస్తే ఎలా? వరుస చివర ఖాళీని మాత్రం ఎవరూ అలవాటుగా కొట్టరు. కనిపించదు కాబట్టి కొట్టాలన్న ఆలోచనే రాదు. మనిషి గుర్తుపట్టడానికి గీతలు, యంత్రం పొరబడకుండా ఖాళీ. 1994లో యూజ్‌నెట్ సందేశాల నిర్మాణం మీద హెన్రీ స్పెన్సర్ రాసిన ముసాయిదాలో ఇది అంకెలతో సహా ఉంది: ఆస్కీ 45 రెండుసార్లు, ఆస్కీ 32 ఒకసారి. పొడవుకు నాలుగు వరుసలు వాడుకలో ఉన్న హద్దు అని కూడా చెప్పారాయన. ఆ ముసాయిదా 2010లో ఆర్‌ఎఫ్‌సీ 1849 పేరుతో చారిత్రక పత్రంగా వెలువడింది.

కనిపించని అక్షరం మీద ఇంత బరువు మోపితే దానికి ప్రమాదాలు తప్పవు. వరుస చివరి ఖాళీలు పనికిమాలినవని తీసేసే యంత్రాలు దారిలో ఉండేవి. లేని ఖాళీలు చేర్చేవీ ఉండేవి. అందుకే మెయిలు అక్షరాల్ని భద్రంగా మూటగట్టే పద్ధతుల్లో ఒకటైన 'కోటెడ్ ప్రింటబుల్' ఒక నియమం పెట్టింది: వరుస చివర ఖాళీ ఉంటే దాన్ని అలాగే వదలకూడదు, సంఖ్యగా మార్చి రాయాలి. మెయిలును ముడిరూపంలో తెరిచి చూసినవాళ్లకు మన గుర్తు ఇలా కనిపిస్తుంది:

--=20

ఇక్కడ 20 అనేది 32కి పదహారు మూలంగా రాసే అంకె. కనిపించని అక్షరానికి దారిలో ఉన్నంతసేపు కనిపించే వేషం వేసి, గమ్యం చేరాక తీసేస్తున్నారు. =20 అన్న మూడు గుర్తుల వెనక ఒక ఖాళీని ఇంత జాగ్రత్తగా మోసుకుపోతున్నారని మెయిలు చదివేవాళ్లలో ఎందరికి తెలుసు?

ఇంతకంటే గట్టి చిక్కు 1999లో వచ్చింది. సాదా మెయిలులో వరుసలు ఎక్కడ విరగాలో పంపేవాళ్ల యంత్రమే నిర్ణయిస్తుంది. వెడల్పు వేరైన తెర మీద ఆ విరుపులు ఎగుడుదిగుడుగా, ఒకటి పొడవూ ఒకటి పొట్టిగా కనిపిస్తాయి. రాండల్ గెలెన్స్ దీనికి చక్కటి ఉపాయం చెప్పారు. వరుస చివర ఒక ఖాళీ ఉంటే ఆ విరుపు నిజమైంది కాదు, కింది వరుసను దీంతో కలుపుకోవాలి. ఖాళీ లేకపోతే నిజంగానే అక్కడ ఆగాలి. ఈ పద్ధతి తెలియని పాత ప్రోగ్రాములకు చివరి ఖాళీ కనిపించదు గనుక వాటికేమీ ఇబ్బంది లేదు. పాతవాళ్లకు భంగం కలగకుండా కొత్తవాళ్లకు సంకేతం ఇవ్వడం ఇంజినీరింగులో పెద్దవాళ్లు చేసే పని.

అయితే సరిగ్గా అదే ఖాళీని మన సంతకం గుర్తు ఎప్పటినుంచో వాడుకుంటోంది. కొత్త నియమం ప్రకారం చూస్తే రెండు గీతలూ ఒక ఖాళీ ఉన్న వరుస కింది వరుసతో కలిసిపోవాలి. గీతల పక్కకు పేరు వచ్చి చేరుతుంది, గుర్తు మాయమవుతుంది. ఎవరు తగ్గాలి? కొత్త నియమమే తగ్గింది. 2004 ఫిబ్రవరిలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3676లో 4.3వ విభాగం ప్రత్యేకంగా దీనికోసమే ఉంది. గీత, గీత, ఖాళీ మాత్రమే ఉన్న వరుసను ఉన్నదున్నట్టు పంపాలి. అది కలిసే వరుసా కాదు, ఆగే వరుసా కాదు. ఉటంకింపులో ముందు > చేరినా ఇదే వర్తిస్తుంది. ఎవరో అధికారి జారీ చేసింది కాదు ఈ గుర్తు, వాడుకలో స్థిరపడ్డది. అలాంటి ఆనవాయితీ కోసం ఒక సాంకేతిక ప్రమాణం పక్కకు జరిగి దారి ఇచ్చింది.

పీజీపీ అనే గూఢలిపి ప్రోగ్రాముతో ధ్రువీకరించే మెయిళ్లలో మరో ముచ్చట ఉంది. పీజీపీ సొంత సరిహద్దు వరుసలు ఐదు గీతలతో మొదలవుతాయి. లోపలి వాచకంలో గీతతో మొదలయ్యే వరుస ఏదైనా ఉంటే అది సరిహద్దు అనుకోకుండా, ప్రతి అలాంటి వరుస ముందూ ఇంకో గీతా ఖాళీ చేరుస్తుంది. మన గుర్తు అక్కడ - -- అవుతుంది. చదివే వైపు ప్రోగ్రాము ఆ అదనపు గీతనూ ఖాళీనీ తీసేసి చూపాలి. ఇన్ని మార్పులకు లోనై ఇన్నిసార్లు అసలు రూపానికి తిరిగొచ్చే మూడు అక్షరాలు మెయిలు ప్రపంచంలో ఇంకెక్కడున్నాయో నాకు తోచడం లేదు.

ఇదంతా పాతకాలపు కథ అనుకునేవాళ్లు గిట్ వైపు చూడాలి. 2005లో లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన ఈ ప్రోగ్రాము, కోడులో చేసిన మార్పుల్ని మెయిలు రూపంలో తయారుచేసి ఇస్తుంది. లినక్స్ కెర్నెల్ పని ఇప్పటికీ అలాంటి మెయిళ్ల మీదే నడుస్తోంది. ఆ మెయిలు అడుగున గిట్ తనకు తానే సంతకం పెడుతుంది: రెండు గీతలు, ఒక ఖాళీ, కింద తన వెర్షను సంఖ్య. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. మార్పుల్ని చూపే ఆ వాచకంలో గీతతో మొదలయ్యే వరుసకు 'ఈ వరుసను తీసేయాలి' అని అర్థం. అంటే సంతకం గుర్తు కూడా తీసేయమన్న ఆదేశంలాగే కనిపిస్తుంది. అయినా తికమక రాదు. ప్రతి మార్పు ముక్క తలపైన రెండు @@ గుర్తుల మధ్య పాత వరుసలు ఎన్నో కొత్త వరుసలు ఎన్నో ముందే లెక్క రాసి ఉంటుంది. లెక్క పూర్తయ్యాక వచ్చిన గీతలు మార్పులో భాగం కావని ప్రోగ్రాము నిశ్చింతగా పక్కన పెడుతుంది.

గుర్తు సంగతి ఇది. దాని కింద ఇచ్చిన నాలుగు వరుసల స్థలంలో మనుషులు చేసిన విన్యాసాలు మరో అధ్యాయం. 1980ల చివర్లో రాండల్ ష్వార్ట్జ్ తన సందేశాల చివర పెర్ల్ అనే కంప్యూటరు భాషలో ఒక చిన్న ప్రోగ్రాము పెట్టేవారు. చూస్తే చిందరవందరగా ఉంటుంది, నడిపిస్తే 'నేనూ ఒక పెర్ల్ హ్యాకరునే' అన్న అర్థం వచ్చే వాక్యం అచ్చవుతుంది. ఒకే వాక్యాన్ని ఎన్ని వంకర దారుల్లో రప్పించవచ్చో అన్నది ఆట. అవధానంలో సమస్య ఇచ్చి పూరించమన్నట్టు, పెర్ల్ రాసేవాళ్లందరూ దాన్ని అందుకున్నారు. 1993లో రాబర్ట్ హేడెన్ తయారుచేసిన 'గీక్ కోడ్' ఇంకో రకం: చదువు, వేషం, ఇష్టాయిష్టాలు అన్నిటినీ అక్షరాలూ కూడికలూ తీసివేతల గుర్తులుగా కుదించి రెండు మూడు వరుసల్లో పెట్టేయడం.

వీటిలో పదునైనది 1995 నాటి ఆడమ్ బ్యాక్ సంతకం. గట్టి గూఢలిపి ప్రోగ్రాముల్ని అప్పట్లో అమెరికా చట్టం ఆయుధాలతో సమానంగా లెక్కగట్టి, అనుమతి లేకుండా దేశం దాటించకూడదంది. ఆర్ఎస్ఏ గూఢలిపి పద్ధతిని ఆయన మూడు వరుసల పెర్ల్‌లో ఇమిడ్చి సంతకంగా పెట్టుకోమని పంచిపెట్టారు. అమెరికాలో ఉన్నవాళ్లు దాన్ని పెట్టుకుని విదేశాలకు ఒక మామూలు మెయిలు పంపినా చట్టం దృష్టిలో ఆయుధం ఎగుమతి చేసినట్టే. మూడు వరుసలు కాబట్టి పేరు రాసుకోవడానికి నాలుగోది మిగిలింది. చట్టాన్ని ధిక్కరిస్తూ కూడా మెక్వారీ హద్దును దాటకపోవడం నాకు చాలా నచ్చిన సంగతి.

హద్దు మీరినవాళ్లకు శిక్ష కూడా సరసంగానే ఉండేది. 'వార్ లార్డ్ ఆఫ్ ద వెస్ట్' అని సంతకం పెట్టుకుని, కింద అక్షరాలతో పెద్ద కత్తి బొమ్మ గీసుకున్న ఒకాయన పేరు మీద ఏకంగా ఒక గుంపే వెలిసింది. అతి పొడవు సంతకాల్ని తెచ్చి ఆహా ఓహో అంటూ ఎగతాళిగా పొగడటమే అక్కడి పని. బ్రాడ్ టెంపుల్టన్ అయితే మర్యాదల పుస్తకాలు రాసిన ఎమిలీ పోస్ట్ పేరును అనుకరించి 'ఎమిలీ పోస్ట్‌న్యూస్' అనే పాత్రను కల్పించి, సంతకం వీలైనంత పొడవు పెట్టండి అన్న తరహాలో అన్నీ తలకిందుల సలహాలు చెప్పించారు. కొత్తవాళ్లకు చదవమని ఇచ్చే పాఠాల్లో అదీ ఉండేది. తిట్టడం కంటే నవ్వించడం బాగా పనిచేసిందని చెప్పాలి.

యూజ్‌నెట్‌లో తెలుగువాళ్లకూ ఒక గుంపు ఉండేది, పేరు 'సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు'. తెరకు తెలుగు లిపి రాని రోజులవి. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో మనవాళ్లు తయారుచేసిన ఆర్‌టీఎస్ పద్ధతిలో, ఇంగ్లిషు అక్షరాలతోనే తెలుగు రాసేవారు. నకు ణకు, లకు ళకు తేడా పెద్దక్షరం చిన్నక్షరం తేడాతోనే తెలియాలి. సంతకంలో పద్యం పెట్టుకోవాలనిపిస్తే ఆటవెలదికి పాదాలు నాలుగే కాబట్టి మెక్వారీ హద్దు సరిగ్గా సరిపోతుంది. అయితే పేరుకు చోటుండదు. శతక కవులకు ఈ ఇబ్బంది లేదు. మకుటం పద్యంలోనే కలిసి ఉంటుంది, అదొచ్చిందంటే పద్యం అయిపోయినట్టు.

ఇప్పుడు యూనికోడు వచ్చి తెలుగులోనే సంతకం పెడుతున్నాం. ఒకసారి దాని ముడిరూపం చూడండి. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి, అలాగే ప్రతి గుణింతపు గుర్తుకీ, మూడేసి బైట్లు పడతాయి. 'తెలుగు' అన్న మాటలో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము కలిపి ఆరు గుర్తులు; అంటే 18 బైట్లు. కోటెడ్ ప్రింటబుల్‌లో ఒక్కో బైటు మూడు అక్షరాలవుతుంది కనుక మొత్తం 54. ఆ పద్ధతిలో వరుసకు 76 అక్షరాలే హద్దు. ఒక్క 'తెలుగు' అనే మాట దాదాపు ముప్పావు వరుస ఆక్రమించేసింది! అయినా చదివేవాళ్లకు ఇదేదీ కనబడదు, కనబడాల్సిన అవసరమూ లేదు. తెలుగు అక్షరాలు ఒకే వెడల్పులో ఉండవు కాబట్టి మనకు 80 లెక్క అతకదు. నాలుగు వరుసల లెక్క మాత్రం ఏ లిపికైనా అతుకుతుంది.

తర్వాతి కాలంలో సంతకాలు రాసినవాళ్ల చేతుల్లోంచి జారిపోయాయి. 1996లో హాట్‌మెయిల్ తన వాడుకదారుల ప్రతి ఉత్తరం అడుగునా తన ప్రకటన చేర్చింది. 2007లో వచ్చిన ఐఫోను, ఉత్తరం తననుంచి వచ్చిందని తానే చెప్పుకుంది. కంపెనీల మెయిళ్లలో రంగు లోగోలు చేరాయి. బొమ్మ మెయిలులోకి ఎక్కాలంటే ప్రతి మూడు బైట్లూ నాలుగు అక్షరాలవుతాయి, 30 కిలోబైట్ల లోగో 40 అవుతుంది, అదీ 'సరే' అన్న ఒక్క మాట కింద. ఇక 'ఈ సందేశం రహస్యం, మీది కాకపోతే చెరిపేయండి' అన్న పది వరుసల హెచ్చరిక, వేలమంది చదివే బహిరంగ చర్చలో! దాన్ని పెట్టించిన న్యాయ విభాగాల వాళ్లు ఎప్పుడైనా చర్చా బృందంలో చదివి చూశారా అని అనుమానం.

గుర్తు మాత్రం చెక్కుచెదరలేదు. థండర్‌బర్డ్ దాన్ని అడగకుండానే చేరుస్తుంది. జీమెయిల్ కూడా చేరుస్తుంది. జీమెయిల్ సెట్టింగుల్లో ఒక గడి ఉంది: సంతకాన్ని పాత మాటలకు పైన పెట్టి, ముందున్న గీతల వరుస తీసేయాలా అని అడుగుతుంది. ఆ రెండు పనులూ ఒకే గడిలో ఎందుకు కలిపారో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. జవాబు పైన, సంతకం మధ్యలో, అవతలివాళ్ల మాటలు కింద ఉంటే, గీతల వరుస చూసిన ప్రోగ్రాము కిందిదంతా సంతకమే అనుకుని పాత మాటల్ని కూడా వదిలేస్తుంది. ఆ గడి రాసినవాళ్లకు ఈ గుర్తు పనితీరు కూలంకషంగా తెలుసు.

మీరూ ఏదైనా చర్చా బృందంలో రాస్తుంటే ఒక చిన్న పని చేయండి. ఆఫీసు సంతకాన్ని ఆఫీసుకే ఉంచి, గుంపు కోసం వేరే సంతకం పెట్టుకోండి. ఇప్పటి మెయిలు ప్రోగ్రాముల్లో ఒకటికి మించి పెట్టుకునే వీలుంది. పేరు, ఊరు, కావాలంటే మీకిష్టమైన ఒక మాట చాలు. ఫోన్ నంబరు వద్దు: 1980ల, 90ల యూజ్‌నెట్ సందేశాలు హెన్రీ స్పెన్సర్, డేజా న్యూస్ సంస్థ లాంటివాళ్లు భద్రపరిచిన పాత నిల్వల్లోంచి 2001లో గూగుల్ చేతికి వచ్చాయి, ఎప్పుడో గుంపులో రాసిన నంబర్లు కూడా ఎవరైనా వెతికితే దొరికేలా తయారయ్యాయి. లోగో వద్దు, హెచ్చరిక వద్దు. జవాబు రాసేటప్పుడు అవతలివాళ్ల మాటల కింద రాయండి. మీ ప్రోగ్రాము గుర్తును తనంతట తాను పెట్టకపోతే మీరే పెట్టండి: రెండు గీతలు, ఒక ఖాళీ, ఎంటర్. ఆ ఖాళీ మరిచిపోవద్దు.